మగ్గాల ఊరు: ఒక ఏడాది పుస్తకాలు, సినిమాలు

ఏడాది చివర్లో పత్రికలు 'ఈ సంవత్సరం నచ్చిన పుస్తకాలు, నచ్చిన సినిమాలు' అంటూ జాబితాలు వెయ్యడం పాత ఆనవాయితీ. ఆ జాబితాల్లో సాధారణంగా కొత్తగా వచ్చినవే ఉంటాయి. ఇక్కడ కొత్తవీ పాతవీ కలిసే ఉన్నాయి. గడచిన ఏడాది ఇష్టంగా చదివినవాటిని, చూసినవాటిని ఒకచోట పేర్చుకుంటే ఒక సంగతి తోచింది. వాటిలో ఎక్కువ భాగం ఏదో ఒక దారిన భివండీకే వచ్చి చేరుతున్నాయి. ఒకదాని కథ పంజాబులో జరుగుతుంది, పుట్టుక మాత్రం మన వీధుల్లో. ఇంకొకటి తెలంగాణ పల్లె కథ, దాన్ని చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లు మన వాడల్లోనూ ఉన్నారు. అందుకే సమీక్షలా మొదలైన ఈ రాత చరిత్ర వ్యాసంగా మారింది. పాఠకులు మన్నించాలి.

ముందు ఊరి సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. భివండీ పాత ఊరు. కామ్వారి నది ఒడ్డున ఒకప్పుడు చిన్న రేవుగా బతికింది. 1857 తిరుగుబాటు తర్వాత ఉత్తరాది నుంచి మోమిన్ నేతగాళ్లు వచ్చి ఇక్కడ మగ్గాలు వేసుకున్నారని చెబుతారు. 1930ల నుంచి కరెంటు మగ్గాలు మొదలయ్యాయి. మనవాళ్ల రాక మరో దారిన జరిగింది. మిల్లు గుడ్డ చేతిమగ్గం నోటి దగ్గర కూడు లాక్కున్నాక కరీంనగర్, నల్గొండ, వరంగల్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల పద్మశాలీలు బతుకు వెతుక్కుంటూ పడమరకు నడిచారు. కొందరు షోలాపూర్‌లో ఆగారు, కొందరు బొంబాయి మిల్లుల్లో చేరారు, కొందరు భివండీ వచ్చారు. వాళ్లకంటే చాలా ముందే తెలుగు కూలీలు బొంబాయి కట్టడంలో రాళ్లు మోశారు. కామాఠీలని పిలిపించుకున్న ఆ కూలీల పేరు మీదే కామాఠీపురా వెలిసింది. భివండీలో మన పేరు పద్మానగర్‌లో ఉంది.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది పని మానేశారు. సమ్మె అధికారికంగా ముగిసిందన్న మాట లేకుండానే మిల్లులు ఒక్కొక్కటీ మూతపడ్డాయి, గుడ్డ తయారీ భివండీలాంటి ఊళ్ల షెడ్లలోకి జారిపోయింది. 2011 జనాభా లెక్కల నాటికి ఈ ఊళ్లో ఏడు లక్షల పైచిలుకు జనం. ఇంత జనం, ఇన్ని భాషలు, ఇన్ని మగ్గాలు ఉన్న ఊరి గురించి కథలూ సినిమాలూ కుప్పలుగా ఉండాలి. ఉన్నవి తక్కువ. ఉన్నవాటిలో గొప్పదాంట్లో మన ఊరి పేరే లేదు.

పేరు చెప్పని నవల

ఆ పుస్తకం భీష్మ్ సాహ్నీ హిందీ నవల 'తమస్'. దీన్ని ఈ ఏడాది రెండోసారి చదివాను. కథ 1947లో, దేశ విభజనకు కొద్ది నెలల ముందు, పంజాబులోని ఒక పట్టణంలో జరుగుతుంది. తోళ్ల పని చేసే నత్థూ అనే పేదవాడికి ఎవరో డబ్బిచ్చి ఒక పందిని చంపమంటారు. ఎందుకో వాడికి తెలియదు. తెల్లారేసరికి ఆ కళేబరం మసీదు మెట్ల మీద ఉంటుంది. అయిదు రోజుల్లో ఊరు తగలబడిపోతుంది. తగలబెట్టించినవాళ్లు చివర్లో శాంతి సంఘంలో కూర్చుంటారు.

సాహ్నీది రావల్పిండి. 1947 మార్చి అల్లర్లను అక్కడ కళ్లారా చూశాడు. అయినా ఇరవై మూడేళ్ల పాటు దాన్ని నవలగా రాయలేదు. రాయించింది భివండీ. 1970 మే 7న శివాజీ జయంతి ఊరేగింపు సందర్భంగా ఇక్కడ మతకల్లోలం చెలరేగింది. తర్వాత అన్న బలరాజ్ సాహ్నీతోను, ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ తదితరులతోను కలిసి భీష్మ్ సాహ్నీ ఈ ఊరికి వచ్చాడు. ఆ సంగతి తన ఆత్మకథ 'ఆజ్ కే అతీత్'లో వివరంగా రాసుకున్నాడు. నిర్మానుష్యమైన వీధులు, ఇళ్లతోపాటు కాలి లోహం కరిగిపోయిన మగ్గాలు. అవి చూస్తూ నడుస్తుంటే ఈ దృశ్యం ఇంతకు ముందెక్కడో చూశానే అనిపించింది ఆయనకు. అది రావల్పిండి. ఢిల్లీకి తిరిగి వెళ్లాక నవల మొదలైంది. అచ్చయిన తర్వాత 1975లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

చరిత్ర ఇలా కూడా పనిచేస్తుంది. ఒక ఊరి గాయం ఇంకో ఊరి గాయాన్ని గుర్తుచేస్తుంది. మన మగ్గాలు కాలకపోయి ఉంటే రావల్పిండి కథ ఆయన మనసులోనే ఉండిపోయేదేమో. ఈ సంగతి భివండీలో పుట్టి పెరిగినవాళ్లలోనూ తెలిసినవారు తక్కువే కనిపిస్తారు. నవలలో మన ఊరు లేదు కాబట్టి మనది కాదనుకున్నాం. కాని మొదటిసారి చదివినప్పుడు అది పంజాబు కథలాగే ఉన్నా, ఆత్మకథ చదివి మళ్లీ తెరిస్తే ప్రతి సందులోనూ కాలిన మగ్గం వాసన వస్తుంది.

గోవింద్ నిహలానీ తీసిన సినిమా కూడా మళ్లీ చూశాను. దాదాపు అయిదు గంటల చిత్రం. నత్థూగా ఓం పురి. సర్దార్ హర్నామ్ సింగ్ వేషం స్వయంగా భీష్మ్ సాహ్నీయే వేశాడు. ఇల్లూ దుకాణమూ వదిలి చీకట్లో భార్యతో నడుచుకుంటూ పోయే ముసలివాడి వేషం అది. రచయితే తన పాత్రలోకి దిగి నడుస్తుంటే చూడటం మామూలు అనుభవం కాదు. 1988 జనవరిలో దూరదర్శన్ దీన్ని భాగాలుగా చూపించడం మొదలుపెట్టగానే ఆపాలంటూ బొంబాయి హైకోర్టులో కేసు పడింది. న్యాయమూర్తులు లెంటిన్, సుజాతా మనోహర్ సినిమా అంతా చూసి, ఇది ద్వేషం పెంచేది కాదు, ద్వేషం ఎలా పుట్టిస్తారో చూపి జాగ్రత్త చెప్పేది అన్న అభిప్రాయంతో ప్రసారానికి అనుమతించారు. ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా అదే సమర్థించింది. అప్పటికి మన ఊరి రెండో కల్లోలం జరిగి నాలుగేళ్లు కూడా కాలేదు.

కాలిన ఊరు, కాలని ఊరు

ఆ రెండోది 1984 మేలో జరిగింది. భివండీలో మొదలై థానే, బొంబాయిలకు పాకింది. అన్నిచోట్లా కలిపి రెండు వందల మందికి పైగా చనిపోయారు. 1970 ఘటనల మీద జస్టిస్ డి.పి. మాదన్ కమిషన్ ఎంతో శ్రమకోర్చి నివేదిక ఇచ్చింది. కల్లోలం ఆకాశం నుంచి ఊడిపడలేదని, నెలల తరబడి సన్నాహం జరిగిందని, పోలీసుల దర్యాప్తు ఒకవైపు మొగ్గిందని అందులో ఉంది. నివేదిక అటకెక్కింది. పద్నాలుగేళ్లకు ఊరు మళ్లీ కాలింది.

కాని 1992 డిసెంబరులో, 1993 జనవరిలో బొంబాయిలో శ్రీకృష్ణ కమిషన్ లెక్క ప్రకారం తొమ్మిది వందల మంది చనిపోయినప్పుడు భివండీ నిబ్బరంగా నిలబడింది. రెండుసార్లు కాలిన ఊరు మూడోసారి ఎందుకు కాలలేదు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే పుస్తకాలు రెండు ఈ ఏడాది చదివాను. ఒకటి అప్పట్లో ఇక్కడ పోలీసు డిప్యూటీ కమిషనర్‌గా పనిచేసిన సురేశ్ ఖోపడే రాసింది. బొంబాయి ఎందుకు కాలింది, భివండీ ఎందుకు కాలలేదు అన్నదే దాని పేరు. రెండోది హిందూ ముస్లిం ఘర్షణల మీద అశుతోష్ వార్ష్నే 2002లో వెలువరించిన ఇంగ్లీషు గ్రంథం.

ఖోపడే చెప్పేది చాలా మామూలు విషయం. 1988 నుంచి వాడవాడకూ మొహల్లా కమిటీలు వేశారు. వాటిలో పెద్ద నాయకులు తక్కువ. టీ కొట్టువాడు, మగ్గం నడిపేవాడు, మేస్త్రీ, ఇంటి ఇల్లాలు వంటి రెండు మతాల మామూలు మనుషులే ఎక్కువ. కూడినప్పుడల్లా దేశ సమస్యలు మాట్లాడుకోలేదు. నల్లా దగ్గర గొడవ, లౌడ్‌స్పీకర్ గొడవ, పిల్లల కొట్లాట, ఇవే తీర్చుకున్నారు. నాలుగేళ్లు ఇలా కూర్చున్నాక నిజంగా పుకారు వచ్చిన రోజున ఎవరిని అడగాలో అందరికీ తెలుసు.

దీని మీద ఒక్క మాట చెప్పాలి. మన ఊళ్లో శాంతికి కారణం వ్యాపారమే అనేవాళ్లున్నారు. నూలు ఒకరిది, షెడ్డు ఒకరిది, మగ్గం నడిపే చెయ్యి ఇంకొకరిది, ఎవరు ఆగినా అందరి పొయ్యీ ఆగుతుంది కాబట్టి కొట్టుకోరు అంటారు. వినడానికి బాగుంటుంది. కాని ఆ పడుగూ పేకా 1970లోనూ ఉంది, 1984లోనూ ఉంది. అయినా ఊరు కాలింది. అంటే ఒకరి మీద ఒకరు ఆధారపడటం ఒక్కటే చాలదు. కూర్చుని మాట్లాడుకునే చోటు కూడా కావాలి. వార్ష్నే పుస్తకం చెప్పేది కూడా ఇంచుమించు ఇదే. రోజూ ఎదురుపడటం వేరు, కలిసి ఒక సంఘంలో పనిచేయడం వేరు. ఊరు పెద్దదయ్యేకొద్దీ మొదటిది సరిపోదు.

పొరుగువాళ్లు రాసుకున్నారు

బొంబాయి మిల్లు కార్మికుల చరిత్రను మీనా మీనన్, నీరా అదార్కర్ వాళ్ల నోటి మాటల్లోనే సేకరించి 2004లో ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చారు. పేరు 'వన్ హండ్రెడ్ ఇయర్స్, వన్ హండ్రెడ్ వాయిసెస్'. గిరణ్‌గావ్, అంటే మిల్లుల వాడ, అందులో మాట్లాడుతుంది. చాళ్లలో గది కోసం పడ్డ పాట్లు, పాటగాళ్లు, గణపతి పందిళ్లు, సమ్మె, తర్వాతి ఆకలి అన్నీ అనుభవించినవాళ్లే చెబుతారు. దీనితోపాటు నారాయణ్ సుర్వే మరాఠీ కవితల సంపుటి 'మాఝే విద్యాపీఠ్' తిరగేశాను. 1966లో వచ్చింది. సుర్వే అనాథగా ఒక మిల్లు కార్మికుడి ఇంట పెరిగాడు, తానూ కూలి పనులు చేశాడు, తర్వాత బడిపంతులయ్యాడు. ఆయనకు విశ్వవిద్యాలయం వీధే.

మరాఠీ మన ఇంటి భాష కాకపోయినా మన వీధి భాష. ఈ పుస్తకాలు చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాని చదివాక ఒక వెలితి మిగులుతుంది. భివండీ కల్లోలాల పుస్తకాల్లో తెలుగువాడు తరచు హిందువుల లెక్కలో కలిసిపోతాడు. కార్మికుల పుస్తకాల్లో కార్మికుల లెక్కలో కలిసిపోతాడు. రెండూ తప్పు లెక్కలు కావు. కాని ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, షెడ్డులో హిందీ ఉర్దూ మాట్లాడి, పండక్కి బతుకమ్మ పేర్చి, చావుకబురు వస్తే రాత్రికి రాత్రి బస్సెక్కే మనిషి ఆ లెక్కల్లో ఎక్కడా పూర్తిగా కనబడడు.

ఊరి కథలు తెర మీద

ఆ మనిషి కొంత కనబడింది సినిమాల్లో. 2019లో వచ్చిన 'మల్లేశం' ఈ ఏడాది ఇంట్లో అందరం కూర్చుని చూశాం. నల్గొండ ప్రాంతపు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం జీవితకథ అది. పోచంపల్లి తరహా చీర నెయ్యాలంటే ముందు ఆసు పొయ్యాలి. మేకుల చుట్టూ నూలును చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ పోవాలి. రోజుకు రెండు చీరల ఆసు పోసే ఆడమనిషి భుజం ఏమవుతుందో లెక్కవేసుకోవచ్చు. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, పెద్ద చదువు లేని కొడుకు ఏళ్ల తరబడి అప్పులు చేసి, నవ్వులపాలై, చివరికి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. రాజ్ ఆర్ దర్శకుడు, ప్రియదర్శి నాయకుడు.

మనవాళ్లకు ఈ సినిమా రెండు రకాలుగా తగులుతుంది. మగ్గం అనగానే నేసే మగవాడే గుర్తొస్తాడు. కండెలు చుట్టే, ఆసు పోసే ఆడవాళ్ల పని ఇంటిపనిలో కలిసిపోయి కూలి లెక్కకు రాలేదు. చేతిమగ్గం చరిత్ర రాసేటప్పుడు ఈ భుజాల లెక్క కూడా రాయాలని సినిమా గుర్తుచేస్తుంది. రెండోది, యంత్రం అన్న మాట. మన తాతల తిండి లాక్కున్నదీ యంత్రమే, ఈ తల్లి భుజం నిలబెట్టిందీ యంత్రమే. తేడా ఎక్కడుందంటే, రెండోదాన్ని ఆ పని బాధ తెలిసినవాడే, ఆ పని చేసే మనిషి కోసమే చేశాడు.

'బలగం' 2023 మార్చిలో వచ్చింది. దర్శకుడు వేణు యెల్దండిది సిరిసిల్ల. సిరిసిల్లకూ మనకూ చుట్టరికం పాతది. అక్కడివాళ్లు ఇక్కడికొచ్చి పని నేర్చుకున్నారు, తిరిగి వెళ్లినవాళ్లు అక్కడ మరమగ్గాలు పెట్టుకున్నారు. వాటిని వాళ్లు సాంచెలంటారు. కథ చిన్నది. కొమురయ్య అనే తాత చనిపోతాడు. మూడో రోజు, అయిదో రోజు, పదకొండో రోజు పిండం పెడితే కాకి ముట్టదు. ఎందుకు ముట్టదంటే ఇల్లు చీలిపోయి ఉంది. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడే బుర్రకథ ఆ ఇంటివాళ్లందరినీ ఏడిపిస్తుంది, కలుపుతుంది. తెలంగాణ పల్లెల్లో పంచాయతీ ముందు తెర కట్టి ఊరంతా కలిసి ఈ సినిమా చూశారు. ఇందులోని పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ బహుమతి వచ్చింది. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశాడు.

ఈ సినిమాను వలసపోయినవాడు చూడటం వేరు. పదకొండు రోజులు ఊళ్లో ఉండే సెలవు అతనికి దొరకదు. మూడో రోజుకు చేరుకుని, అయిదో రోజుకు షెడ్డుకు తిరిగొచ్చినవాళ్లు మనలో ఎందరో. కాకి ముట్టిందో లేదో ఫోనులో విన్నవాళ్లూ ఉన్నారు. నచ్చిన సినిమాల్లో దీన్ని మొదట పెట్టడానికి కారణం అదే.

పాత సినిమాల్లో 'మా భూమి' మళ్లీ చూశాను. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1979లో తయారైన ఈ చిత్రానికి మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. తెలంగాణ రైతు పోరాటాన్ని బొంబాయిలో బతికిన ఉర్దూ రచయిత నవలగా రాశాడు, ఒక బెంగాలీ తెలుగులో సినిమా తీశాడు, బి. నర్సింగరావు దగ్గరుండి నడిపించాడు. 'తమస్' సంగతి దీని పక్కన పెట్టి చూస్తే అర్థమయ్యేదేమిటంటే, మన కథ మనమే రాయాలన్న నియమం లేదు. రాసినవాడు వచ్చి కళ్లతో చూసి, వినాలి. అంతే. అయితే ఎవరో వచ్చి వినేదాకా ఆగాలా అన్నది వేరే ప్రశ్న. దేవులపల్లి కృష్ణమూర్తి 'ఊరు వాడ బతుకు' దానికి జవాబు. నల్గొండ జిల్లా అనంతారం పల్లె బతుకును, నిజాం కాలం చివరి రోజుల్ని, ఆ ఊళ్లో పుట్టినవాడే ఆ ఊరి మాటలో చెప్పుకున్న పుస్తకం. తాతలు వదిలేసి వచ్చిన ఊరు ఎలా ఉండేదని మన పిల్లలు అడిగితే ఇవ్వదగినది.

ఇవ్వదగినదే గాని, చదవగలరా? తెలుగు మీడియం బడికి పిల్లలు తగ్గిపోతున్న కాలమిది. మన ఇళ్లలో తెలుగు చెవిలో ఉంది, నోట్లో ఉంది, కంటికి మాత్రం దూరమవుతోంది. మనవడు 'బలగం' చూసి ప్రతి మాటా అర్థం చేసుకుంటాడు, తెర మీద పడే పేర్లు చదవలేడు. ఈ లెక్కన ఇక ముందు మన చరిత్ర వాడికి సినిమాగానే చేరుతుంది, పుస్తకంగా చేరదు. ఇది బాధపడాల్సిన సంగతే. కాని చేతిలో ఉన్న దారిని వదులుకోవడానికి అది కారణం కాకూడదు.

ఆ దారి చూపించింది మాలేగావ్. మనలాగే మగ్గాల ఊరు, శుక్రవారం మగ్గాలకు సెలవు. వీడియో పార్లరు నడిపిన నాసిర్ షేక్ 2000లో 'మాలేగావ్ కే షోలే' తీశాడు. ఊరివాళ్లే నటులు, ఊరి యాసే సంభాషణ. ఆ తర్వాత తీసిన సూపర్‌మ్యాన్ సినిమాలో నాయకుడిగా మరమగ్గం కార్మికుడు షఫీక్ షేక్ ఎగిరాడు. ఫైజా అహ్మద్ ఖాన్ ఆ సంగతినంతా డాక్యుమెంటరీగా తీసింది. షఫీక్ తర్వాత క్యాన్సర్‌తో పోయాడు. ఈ కథనే రీమా కగ్తీ 'సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలేగావ్'గా తీయగా 2025 ఫిబ్రవరిలో థియేటర్లకు వచ్చింది. నవ్వుతూ మొదలై గొంతులో ముద్ద అడ్డుపడేలా ముగుస్తుంది. డబ్బూ చదువూ లేనివాళ్లు తమ ఊరిని తామే తెర మీద చూసుకోవాలనుకున్నారు, చూసుకున్నారు.

మన పడుచువాళ్ల చేతుల్లో ఇప్పుడు అంతకంటే మంచి కెమెరాలే ఉన్నాయి. 1960లలో, 70లలో ఇక్కడికి వచ్చినవాళ్లు ఇంకా కొందరు ఇంటి అరుగుల మీద కూర్చుని ఉన్నారు. ఏ రైలెక్కి వచ్చారు, మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు, మొదటి వారం కూలి ఎంత, 1970 మే 7 సాయంత్రం మగ్గం ఎప్పుడు ఆపారు, 1984లో ఎవరు ఎవరిని ఇంట్లో దాచారు, 1992లో కమిటీకి ఎవరు వెళ్లారు, ఈ ప్రశ్నలకు వాళ్ల దగ్గర జవాబులున్నాయి. కమిషన్లు అడగనివి, నవలల్లో లేనివి. ఒక ఆదివారం ఒక మనిషి, ఒక గంట. మాటలు రికార్డు చెయ్యండి, తెలుగు రాయడం వచ్చినవాళ్లు కాగితం మీద పెట్టండి, ఈ పత్రికకు పంపండి. వచ్చే ఏడాది జాబితాలో వాటిని చేర్చుకుంటే అంతకంటే సంతోషం ఉండదు.